వరండాలో నవ్వులు: అబ్బా వచ్చిన ఆదివారం

పోయిన వారం బుష్రాను మైకు ముందు నిలబెట్టి ఆగిపోయాం. పాపం, ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది.  జనగామ గ్రంథాలయం వరండాలో, అందరికన్నా వెనక వేసిన కుర్చీలో, భూపాలపల్లి నుంచి చెప్పాపెట్టకుండా వచ్చిన ఆమె తండ్రి షంషుద్దీన్ కూర్చుని ఉన్నాడు.

ఇప్పుడే కథలోకి వచ్చినవారికి రెండు మాటలు. బుష్రా గ్రూప్స్ పరీక్షలకు చదువుకుందామని ఇల్లు వదిలి జనగామ చేరిన పిల్ల. పొద్దున ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది, మధ్యాహ్నం గ్రంథాలయంలో గైడ్లు తిరగేస్తుంది. ఒకనాడు తల వేడెక్కి, గైడ్ల బీరువా దాటి, ఎవరూ ముట్టని మూల బీరువా దగ్గరికి వెళ్లింది. అందులో హాస్య కథలు, జోకుల పుస్తకాలు, కార్టూన్లతో సహా బైండు కట్టించిన పాత వారపత్రికలు. కాసేపటికి, చీమ చిటుక్కుమన్నా వినిపించే ఆ హాల్లో ఆమె పకపకా నవ్వేసింది. చదువుకుంటున్న వాళ్లందరూ తలలెత్తారు. గ్రంథపాలకురాలు స్వరూప కోప్పడుతుందేమో అనుకుంటే, "ఏం చదివినవో బయటికొచ్చి నాకు గూడ చెప్పు" అంది. ఆ చెప్పడమే పెరిగి పెరిగి ఆదివారం సభ అయింది. టికెట్ లేదు, చందా లేదు, నవ్వాలనుకున్నవాళ్లు వచ్చి కూర్చోవడమే.

పుస్తకాల్లోవి అయిపోయాక బుష్రా ఇంట్లోవి మొదలుపెట్టింది. అంటే అబ్బావి, నాన్నవి. బొగ్గుగనిలో పేలుళ్ల చప్పుడుకు ఎడమ చెవి పోయి, ఒకటంటే ఇంకొకటి వినే అబ్బా. ఆ జోకుల వీడియో ఒకటి ఫోనులోంచి ఫోనులోకి పాకి కార్మికుల క్వార్టర్ల దాకా పోయిందని ఆమెకు ఆలస్యంగా తెలిసింది. దాని వెనకే అబ్బా ఊడిపడ్డాడు.

బుష్రా మైకును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. మళ్లీ మొదటి చేతిలోకి తీసుకుంది. చెప్పు కింద చిన్న రాయి ఏదో ఉన్నట్టు కాలు నిలవడం లేదు. ఉక్కగా ఉంది. వాన వచ్చేట్టు ఉంది గాని రావడం లేదు.

"ఒక ఊళ్లె ఒకాయన ఉండెనట..." అని మొదలుపెట్టింది.

అది మొన్ననే మూల బీరువాలో చదివిన జోకు. కాగితం మీద చదివినప్పుడు కడుపు పట్టుకుని నవ్వింది. నోటితో చెబుతుంటే చల్లారిన చాయ్‌లా ఉంది. ఎవరో ఇద్దరు మొహమాటానికి నవ్వారు. ఇంకోటి చెప్పింది. అదీ అంతే. వెనకాల చదువుకునే కుర్రాళ్లు ఫోన్లు బయటికి తీశారు. ఒకడు లేచి హాల్లోకి వెళ్లిపోయాడు.

బస్టాండులో జామకాయలు అమ్మే ముత్తమ్మ ఊరుకునే మనిషి కాదు. గంప పక్కన పెట్టుకుని, సరిగ్గా షంషుద్దీన్ పక్క కుర్చీలోనే కూర్చుంది.

"ఏందే బుష్రా, గీ ఊళ్లె ఒకాయన ముచ్చట్లు మాకెందుకు? మీ నాయినది చెప్పరాదు!" అని అక్కడి నుంచే కేక వేసింది. ఆ తర్వాత పక్కనున్న పెద్దమనిషి మోకాలు తట్టి, "నువ్వు కొత్తగ వచ్చినట్టున్నవ్. ఈ పిల్ల నాయిన ఉన్నడు సూడు, చెవిటోడు, మస్తు మజా ఉంటది. విను" అంది.

షంషుద్దీన్ బుద్ధిగా తల ఊపాడు.

బుష్రా స్వరూప వైపు చూసింది. స్వరూపకు ఆ పెద్దమనిషి ఎవరో తెలియదు. "చెప్పు బుష్రా, అందరు అడుగుతున్నరు గద" అని నవ్వింది. కుర్రాళ్లు చప్పట్లు మొదలుపెట్టారు. అబ్బా! అబ్బా! అబ్బా!

మైకు పెట్టేసి దిగిపోవచ్చు. కడుపునొప్పి అనవచ్చు. అవేవీ ఆమె చేయలేదు. జనం చల్లబడిపోతుంటే చూస్తూ ఊరుకోలేని రోగం ఒకటి ఆమెకు ఈ వరండాలోనే పట్టుకుంది.

"మా అబ్బాను దవాఖానకు తోలుకపోయిన. డాక్టరు జర దూరంగ కూసున్నడు. 'పెద్దాయనా, బీపీ ఉన్నదా?' అని అడిగిండు. మా అబ్బా జేబుల చెయ్యి పెట్టిండు. 'ఒక్కటే ఉన్నది సారు. సగం నువ్వు తాగు, సగం నేను తాగుత' అని బీడీ తీసి ఇచ్చిండు."

వరండా పగిలినట్టు నవ్వారు. సినిమాల్లో ఈ యాసను వినిపించి వెక్కిరిస్తే ఏళ్ల తరబడి తలవంచుకుని చూసినవాళ్లు, ఇక్కడ తమ మాటే మైకులోంచి వస్తుంటే తల వెనక్కి వేసి నవ్వుతున్నారు. బుష్రా మాత్రం ఒక్కరినే చూస్తోంది. షంషుద్దీన్ ముందు నవ్వలేదు. ముత్తమ్మ మొహం చూశాడు, ముందు వరుస వీపులు ఊగడం చూశాడు, అప్పుడు నవ్వాడు. అందరి నవ్వు తగ్గుతుంటే ఆయనది మొదలైంది.

వినపడలేదన్నమాట! బుష్రాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ వెంటనే ఏదోలా అయింది. తన మీద వేసిన జోకుకు ఏమీ తెలియక నలుగురితో పాటు నవ్వుతున్నాడు తండ్రి. అది చూడలేక ఆమె ఇంకా వేగం పెంచింది. ఆగితే ఆలోచన వస్తుందని ఆగకుండా చెప్పుకుపోయింది. అందరూ ఎదురుచూసే పెళ్లిసంబంధం జోకు దాకా వచ్చింది.

"మానుకోట నుంచి నన్ను చూడనీకి వచ్చిన్రు. పిలగాని మామ అడిగిండు, 'పిల్లకు వంట వస్తదా?' అని. మా అబ్బాకు మంట అని వినబడ్డది. 'మస్తు వస్తది. జర ఊదితే చాలు, ఇల్లంత అంటుకుంటది' అన్నడు. ఆ మామ ఒకసారి వాళ్లక్క, పిలగాని తల్లి మొఖం చూసిండు. మల్ల గొంతు సవరించుకొని, 'మాది చాన పెద్ద ఖాందాన్, గొప్ప వంశం' అన్నడు. మా అబ్బాకు ఖాందాన్ కాదు, ఖదాన్ అని వినబడ్డది. బొగ్గు ఖదాన్! 'గట్లనా!' అని కుర్చీ దగ్గరికి జరుపుకున్నడు. 'ఓపెన్‌కాస్టా, అండర్‌గ్రౌండా?'"

కుర్రాళ్లు కుర్చీల మీద నుంచి లేచి తొడలు చరుచుకున్నారు. బుష్రా చెయ్యెత్తి ఆపింది.

"'లోపట గాలి ఆడుతదా? పైకప్పు గట్టిదేనా? నా బిడ్డను దించితే మల్ల పైకి వస్తదా?' అని అడిగిండు. వాళ్లు చాయ్ గూడ తాగలే. గట్ల నా పెండ్లి గనిల పడ్డది."

ఈసారి షంషుద్దీన్ నవ్వలేదు. ఎవరి మొహమూ చూడలేదు. సూటిగా కూతురినే చూస్తున్నాడు.

సభ ముగిశాక స్వరూప కొత్త మనిషిని పలకరించడానికి వచ్చింది. "మా అబ్బా" అని బుష్రా చెప్పక తప్పలేదు. ముత్తమ్మ గంప ఎత్తబోతున్నది కాస్తా అలాగే కూలబడింది.

"అయ్యో, తప్పయింది అన్నా! నాకెట్ల తెలుస్తది, చెవిటోడు గిటోడు అని ఏందేందో అన్న" అంటూ పెద్ద జామకాయ ఏరి ఆయన చేతిలో పెట్టింది.

"తప్పేముందమ్మా, మస్తు నవ్వినం గద" అన్నాడు షంషుద్దీన్. స్వరూపతో కూడా మర్యాదగా మాట్లాడాడు. చాయ్ తాగాడు. మూల బీరువా ఏదో చూపించమని అడిగాడు. దాని ముందు నిలబడి పుస్తకాల వీపుల మీద వేలు పెట్టి ఒక్కో పేరూ కూడబలుక్కుని చదివాడు. ఇదంతా అయ్యేదాకా బుష్రా గుమ్మం దగ్గర చున్నీ అంచు మెలితిప్పుతూ నిలబడింది. తిడితే బాగుండు, ఇక్కడే అందరి ముందే తిట్టేస్తే బాగుండు అనుకుంది.

బస్టాండుకు నడిచి వెళ్లారు. ఆటోలు, సోడాబండ్లు, రోడ్డు మీద పరిచిన చెప్పుల దుకాణాలు. షంషుద్దీన్ కూతురికి ఎడమ పక్కకు మారాడు. అప్పుడు ఆమె ఆయన కుడి చెవి వైపు ఉంటుంది. ఇంట్లో అందరూ ఆయనకు కుడి పక్కనే నడుస్తారు. బుష్రాకు ఆ సంగతి ఇవాళ మొదటిసారి కొత్తగా తోచింది. ఆ వరండాలో కూడా ఆయన కుర్చీ కొంచెం ఏటవాలుగా తిప్పి ఉండడం గుర్తొచ్చింది.

వరంగల్ బస్సు ఇంకా రాలేదు. సిమెంటు బల్ల మీద కూర్చున్నాక ఆయన జామకాయను రెండు చేతుల మధ్య తిప్పుతూ, తాపీగా అన్నాడు.

"'ఒక్కటే ఉన్నది సారు. సగం నువ్వు తాగు, సగం నేను తాగుత.' గంతే గద నువ్వు చెప్పింది?"

బుష్రా గిర్రున ఆయన వైపు తిరిగింది.

ఇంట్లో వాళ్లది ఉర్దూ. షంషుద్దీన్ తెలుగులోకి దిగాడంటే అది గనిలో మాట్లాడే మాట. దానికి ఎదురు ఉండదు. చిన్నప్పటి నుంచీ పిల్లలకు అది తెలుసు.

"నీకు... వినబడ్డదా అబ్బా?"

"చెవిటోని ముచ్చట చెప్తే చెవిటోడు వినడనుకున్నవా? ఒక చెవి పోయింది. ఇంకోటి ఉన్నది గద."

"మరి అందరినీ చూసి నవ్వినవ్?"

"నవ్వాల్నా వద్దా అని చూసిన. అందరు మంచిగనే నవ్వుతున్నరు. ఎవరి మొఖంల చెడు కనబడలే. నేను గూడ నవ్విన."

ఆమె లేచింది. బస్సు వస్తుందేమో చూసినట్టు రెండు అడుగులు ముందుకు వేసి మళ్లీ వచ్చి కూర్చుంది.

"వీడియో చూసినప్పుడు కోపమొచ్చింది" అన్నాడాయన. "క్వార్టర్లల్ల పిల్లగాండ్లు నన్ను చూసి, చాచా బీడీ ఉన్నదా, అని అడుగుడు మొదలుపెట్టిన్రు. ఇంట్ల కూసుంటే పిచ్చి లేస్తున్నది. వీడియోల నువ్వే అన్నవ్ గద, గ్రంథాలయంల నవ్వు పైస లేకుంట పుక్కట్ల దొరుకుతది, పోయి తెచ్చుకోరి అని. పోయిన. మా దగ్గర గూడ ఉన్నది ఒకటి. నవ్వుల పుస్తకాలున్నయా అంటే ఆడి లైబ్రరీ సారు నన్ను కింది నుంచి మీదికి చూసిండు. చూసి ఇచ్చిండు. రోజు పోయి కూసున్న. గనిల రాత్రి బడి పెట్టినప్పుడు నేర్చుకున్న అక్షరాలు, జర నిదానంగ వస్తయి. ఒక జోకు చదివితే నవ్వు రానీకి పావుగంట."

బుష్రాకు నవ్వు వచ్చింది. అంత గుబులులోనూ వచ్చింది. ఆయన నవ్వలేదు.

"చదివిన గద, ఒకటి తెలిసింది. పుస్తకంల, ఒక ఊళ్లె ఒకాయన అని ఉంటది. ఆ ఒకాయన ఎవరికి ఏం కాడు. నువ్వు ఆయనకు పేరు పెట్టినవ్ బిడ్డా. షంషుద్దీన్ అని పెట్టినవ్."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. బుష్రాకు ఏడుపు రాలేదు, దాని బదులు రోషం వచ్చింది. మూడేళ్లుగా లోపల కుతకుతలాడుతున్నది ఒక్కసారిగా పొంగింది.

"మరి నాకేం చేసినవ్ అబ్బా నువ్వు? ఆ సంబంధం నీ చెవి తోని పోలేదా? నాకు పిలగాడు బారీ నచ్చిండు. కురవిల మన చుట్టాల పెండ్లిల చూసిన ఆయనను. నేను బ్యాండోని లెక్క చేసి చూపిస్తే, నవ్వి నవ్వి షర్బత్ మీద పోసుకున్నడు. నవ్వెటోడు దొరికిండు అనుకున్న. నువ్వు ఓపెన్‌కాస్టా, అండర్‌గ్రౌండా అని అడిగినవ్. వాళ్లు పోయిన్రు. ఇంట్ల ఉండబుద్ధి కాక నేను గీడికొచ్చి పడ్డ. ఆ కోపం ఎవరికి చెప్పుకోవాలె? చెవిటోని మీద ఎట్ల కోపం చేస్తరు? అందుకే జోకు చేసిన!"

చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. షంషుద్దీన్ జామకాయను బల్ల మీద పెట్టాడు.

"బీడీ ముచ్చట నిజమే. ఆ దినం డాక్టరు మాట వినబడలే" అన్నాడు. "కాని ఖాందాన్ వినబడ్డది."

"ఏందీ?"

"మంచిగ వినబడ్డది. వంట వినబడ్డది. ఖాందాన్ వినబడ్డది. ఆ జోకు నా చెవిది కాదు బిడ్డా. నాది."

బుష్రా ఆయన మొహంలోకి చూసింది. ఏళ్ల తరబడి బొగ్గుపొడి పట్టి, కడిగినా పోని సన్నటి నల్లగీత కనురెప్పల అంచున ఉంది. ఆ కళ్లల్లో తప్పు చేసినవాడి బెదురు లేదు. సిగ్గు ఉంది, కొంచెం గర్వం కూడా ఉంది.

"కావాలని చేసినవా?"

"వాళ్లు వచ్చి కూసున్నంక నేను చేతులు కడుగుదామని పెరట్లకు పోయిన. నీళ్ల డ్రమ్ము దగ్గర వంటింటి కిటికీ ఉంటది గద, నా కుడి చెవి అటే ఉన్నది. లోపట పిలగాని తల్లి అంటున్నది. 'పిల్ల మంచిగనే ఉన్నది గని, నవ్వు పెద్దది. వాకిట్లకు వినబడ్డది. మా ఇంట్ల ఆడోళ్లు గట్ల నవ్వరు. తీసుకపోయినంక మాన్పిస్తం, ఎన్ని రోజులు పడ్తది!' అన్నది."

బస్సొకటి వచ్చి ఆగి, దుమ్ము లేపి వెళ్లింది. వాళ్లది కాదు.

"నేను బొగ్గుల దిగినోన్ని" అన్నాడు షంషుద్దీన్. "షిఫ్టు దిగి ఇంటికొచ్చేటప్పుడు, మూల మలుపు తిరగంగనే నీ నవ్వు వినబడేది. చెవి పోయినంక గూడ అది వినబడ్డది. దాన్ని మాన్పిస్తమంటే... నాకేం తోచలే. కొట్లాడితే నీ పేరు పాడైతది. వద్దంటే కారణం అడుగుతరు. చెవిటోడినైన. పిచ్చోని లెక్క మాట్లాడిన. వాళ్లే లేచి పోయిన్రు."

 ఇన్ని ఆదివారాలు ఆమె చప్పట్లు కొట్టించుకున్నది ఆయన మాటకు. ఆయన చెవిటితనం అని చెప్పి అమ్ముకున్నది ఆయన తెలివిని. అది తలుచుకుంటే తల ఎత్తబుద్ధి కాలేదు. అంతలోనే ఇంకో ఆలోచన లేచి ఆమెను మళ్లీ కుదిపింది.

"ఆ మాట బారీ అన్నడా?"

"లేదు. ఆయన బయట కూసున్నడు."

"ఆయనకు తెలుసా?"

"నాకేం ఎర్క?"

"నాకెందుకు చెప్పలే మరి? పెండ్లి నాది, నవ్వు నాది. నన్నొక్క మాట అడిగినవా?"

"నువ్వు అడిగినవా నన్ను, మైకుల చెప్పే ముందు?"

బుష్రా బల్ల మీది జామకాయ తీసి ఆయన సంచిలో వేసింది.   ఆకాశం అప్పుడు తేల్చుకున్నట్టు పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. జనం రేకుల కిందికి ఉరికారు. షంషుద్దీన్ తల మీద రుమాలు తీసి కూతురి తల మీద వేశాడు.

"ఇంక చెప్ప అబ్బా" అంది బుష్రా మెల్లగా. "నీ జోకులు ఇంక చెప్ప."

ఆయన చెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు. "ఏందీ? ఇంకా చెప్తనా? చెప్పు, చెప్పు."

"అబ్బా!"

"చెప్పు గని, ఖాందాన్ జోకు నాదని చెప్పి చెప్పు. గంతే. చెవిటోడు అనకు, షంషుద్దీన్ చేసిండు అను. క్వార్టర్లల్ల నాకు జర ఇజ్జత్ ఉన్నది."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. బుష్రా నవ్వు బస్టాండు రేకులకు తగిలి వాన చప్పుడును దాటి వినిపించింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. ఆమెకు ఎన్నాళ్లకో గుండె తేలికపడినట్టయింది. అప్పుడే, అనుకోకుండా, ఒక్క ప్రశ్న నోట్లోంచి జారింది.

"ఆమె గట్లన్నప్పుడు వంటింట్ల ఇంకెవరున్నరు?"

షంషుద్దీన్ కళ్లు తెరిచాడు. వరంగల్ బస్సు వచ్చి ఆగింది. ఆయన సంచి తీసుకుని లేచాడు.

"అబ్బా, మాన్పిస్తమన్నదానికి ఎవరేం జవాబు చెప్పిన్రు?"

"బస్సు పోతది బిడ్డా."

"గిది గూడ వినబడలేదనకు!"

ఆయన వినబడనట్టు ఉండలేదు. మెట్టు ఎక్కి, వెనక్కి తిరిగి ఆమె తల మీద ఒకసారి చెయ్యి పెట్టాడు. "జర పైలం" అన్నాడు. బస్సు కదిలింది. కిటికీలో ఆయన మొహం వాననీళ్ల వెనక చెదిరిపోయింది.

ఆ రోజు వంటింట్లో పెళ్లికొడుకు తల్లి కాక ఇంకెవరుంటారు? బుష్రా ముందు గదిలో చాయ్ కప్పులు పట్టుకుని నిలబడి ఉంది. తమ్ముడు ముజాహిద్ కాలేజీలో ఉన్నాడు. ఇక మిగిలింది ఒక్కరే. ఆ పేరు మనసులో పలకడానికి కూడా ఆమెకు ధైర్యం చాలలేదు.

ఫోను మోగింది. తెర మీద అమ్మీ అని వెలుగుతోంది. సఫియా బేగం. ఎప్పుడూ తిన్నవా, పండుకున్నవా అని మొదలుపెట్టే అమ్మీ, ఇవాళ సలాం కూడా చెప్పలేదు. ఉర్దూలో, ఊపిరి అందనట్టు అడిగింది.

"మీ అబ్బా నీ దగ్గరికే వచ్చిండు గద? కిటికీ ముచ్చట చెప్పిండా?"

బుష్రా ఫోనును చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది. వాన రేకుల మీద దబదబా కొడుతోంది. ఆ చప్పుడులోనూ అమ్మీ ఏడుస్తోందని తెలుస్తోంది.

"ఫోన్ పెట్టకు బేటా. నవ్వు మాన్పిస్తం అంటే నేను 'సరే' అన్నదాంక వినుంటడు, ఆ మీదట చేతులు తుడుచుకుంట ముందటింట్లకు పోయిండు. 'సరే' అన్నంక నేను ఆమెను ఏమడిగిననో, దానికి ఆమె బారీ గురించి ఏం చెప్పిందో, అది ఇయ్యాల్టిదాంక ఎవరికీ తెల్వది."